మేటి జట్టు ఏది?

ఆట చూచినవారికి, ఆట ముగిసిన తరువాత వాదించుటలో మరియొక ఆనందము కలదు. ఎవరు బాగుగ ఆడిరి, ఎవరు తప్పు చేసిరి అను మాటలతో ప్రారంభమైన ఆ వాదము క్రమముగ పెరిగి, చివరకు ఒక పెద్ద ప్రశ్నను చేరును. అన్ని కాలములలోను మేటి జట్టు ఏది? మన దేశములో క్రికెట్టును గూర్చి ఇట్టి వాదములు ఎట్లు సాగునో, అమెరికా దేశములో బాస్కెట్‌బాల్ ఆటను గూర్చి అట్లే సాగుచుండును. తాత తన యౌవనములో చూచిన బోస్టన్ సెల్టిక్స్ జట్టును మించినది లేదనును. తండ్రి చికాగో బుల్స్ జట్టు పేరు చెప్పును. మనుమడు గోల్డెన్ స్టేట్ వారియర్స్ జట్టును ముందునకు తెచ్చును. కళాశాలల ఆటలను ప్రేమించువారు ఈ వృత్తి క్రీడాకారులనందరిని ప్రక్కకు నెట్టి, తమకు నచ్చిన విశ్వవిద్యాలయపు జట్టును పొగడుదురు. ఎవరి మాట వారిదే. ఓడిపోయితినని ఒప్పుకొనువాడు ఒక్కడును ఉండడు.

ఈ వాదము వ్యర్థమైనదని కొందరు తలచుదురు. అది సరికాదు. ఒక మనుష్యుడు ఏ జట్టును మెచ్చుకొనునో తెలిసినచో, అతడు జీవితములో దేనిని గొప్పగా భావించునో కొంత తెలియును. కావున "మేటి జట్టు ఏది?" అను ప్రశ్నకంటె ముందుగ, "మేటితనమును దేనితో కొలువవలెను?" అను ప్రశ్న తీరవలెను. కొలబద్ద వంకరయైనచో కొలత నిజము కానేరదు గదా!

బాస్కెట్‌బాల్ పుట్టుక మిక్కిలి సామాన్యమైనది. 1891వ సంవత్సరము డిసెంబరు నెలలో, అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణమందలి వై.ఎం.సి.ఎ. శిక్షణాలయములో జేమ్స్ నెయిస్మిత్ అను ఉపాధ్యాయుడు పనిచేయుచుండెను. అతడు కెనడా దేశమున పుట్టినవాడు. చలికాలమగుటచేత విద్యార్థులకు ఆరుబయట ఆడుటకు వీలులేకపోయెను. నాలుగు గోడల నడుమ ఒకే విధమైన కసరత్తులు చేసి చేసి వారు విసిగిపోయియుండిరి. వారికొరకు నెయిస్మిత్ ఒక క్రొత్త ఆటను కల్పించెను. 13 నియమములు వ్రాసి అందరికి కనబడునట్లు అంటించెను. పీచ్ పండ్లు పోసికొను బుట్టలు రెండు తెప్పించి, పది అడుగుల ఎత్తున ఈ వైపునొకటి ఆ వైపునొకటి కొట్టించెను. 18 మంది విద్యార్థులు తొమ్మిదేసి మంది చొప్పున రెండు జట్లుగ చీలి ఆడిరి. ఆ మొదటి ఆటలో బంతి ఒకేయొక పర్యాయము బుట్టలో పడెను.

ఆ 13 నియమములలో ఒకదానిని ఇచట జ్ఞాపకము చేసికొనుట అవసరము. బంతిని పట్టుకొన్నవాడు దానితో పరుగెత్తరాదు. పట్టుకొన్న చోటనుండియే దానిని విసరవలెను. బంతిని నేలకు కొట్టుచు ముందునకు సాగు పద్ధతి తరువాత వచ్చినది. కావున మొదటినాటి ఆటగానికి బంతి చేతికి వచ్చిన వెంటనే కలుగవలసిన ఆలోచన, దానిని ఎవరికి ఇయ్యవలెను అనునదే. తనకు దొరికినదానిని తోడివానికి అందించుట ఈ ఆటకు పుట్టుకతో వచ్చిన ధర్మము.

నెయిస్మిత్‌ను గూర్చి మరియొక విశేషము కలదు. అతడు 1898 మొదలు 1907 వరకు కాన్సస్ విశ్వవిద్యాలయపు జట్టునకు శిక్షకుడుగ ఉండెను. ఆ కాలములో అతని జట్టు 55 ఆటలు గెలిచి, 60 ఆటలు ఓడిపోయెను. ఆ విశ్వవిద్యాలయమునకు తరువాత ఎందరో శిక్షకులు వచ్చిరి. కాని గెలుపులకంటె ఓటములు ఎక్కువగ నున్నవాడు, ఆ ఆటను సృష్టించిన నెయిస్మిత్ ఒక్కడే! గెలుపుల లెక్కయే సర్వస్వమైనచో ఆ వరుసలో అతడు అందరికంటె చివర నిలువవలసివచ్చును. అట్లు నిలుపుటకు ఎవ్వరికిని మనసొప్పదు. దీనినిబట్టి, గెలుపుల సంఖ్య ఒక కొలతయేగాని అదియే పూర్తి కొలత కాదని తేలుచున్నది.

అయినను సంఖ్యలను తేలికగ త్రోసివేయరాదు. అవి పక్షపాతమెరుగవు. 1995–96 సీజనులో చికాగో బుల్స్ జట్టు 82 ఆటలలో 72 గెలిచెను. మైకేల్ జోర్డన్, స్కాటీ పిప్పెన్, డెన్నిస్ రాడ్‌మన్ అను మహా క్రీడాకారులు ఆ జట్టులోనివారే. ఆ సంవత్సరము విజేతలును వారే అయిరి. ఇరువది ఏండ్ల తరువాత 2015–16 సీజనులో గోల్డెన్ స్టేట్ వారియర్స్ జట్టు 73 ఆటలు గెలిచి ఆ లెక్కను దాటెను. కాని ఏమయ్యెను? ఏడు ఆటల తుది పోటీలో మూడు ఆటలు గెలిచి, ఒకటి మాత్రమే ఓడి, ముందంజలో నుండియు, తక్కిన మూడు ఆటలను వరుసగ క్లీవ్‌లాండ్ జట్టునకు అప్పగించి, వారియర్స్ ఓడిపోయిరి. అందరికంటె ఎక్కువ ఆటలు గెలిచిన జట్టు ఆ సంవత్సరపు విజేతయే కాలేదు! సంఖ్యలే ఒకదానికొకటి విరోధముగ సాక్ష్యము చెప్పునప్పుడు తీర్పు చెప్పుట ఎట్లు?

సంఖ్యలలో మరియొక చిక్కుకూడ కలదు. రెండు సంఖ్యలు సమానముగ నున్నంత మాత్రమున వాటి బరువు సమానము కాదు. లాస్ ఏంజెలిస్ నగరములోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు జట్టు, 1971 మొదలు 1974 వరకు ఒక్క ఓటమియు లేక వరుసగ 88 ఆటలు గెలిచెను. ఈ సంగతి బాస్కెట్‌బాల్ ఎరిగిన వారందరికి తెలియును. అంతకు నలువది ఏండ్లకు ముందే, 1932–33లో, న్యూయార్క్ రెనెసాన్స్ అను జట్టుకూడ వరుసగ 88 ఆటలు గెలిచెను. ఈ సంగతి ఎరిగినవారు కొలదిమందియే.

ఈ రెనెసాన్స్ జట్టును 1923లో బాబ్ డగ్లస్ అనునతడు న్యూయార్క్ నగరమందలి హార్లెమ్ పేటలో స్థాపించెను. అందలి ఆటగాళ్లందరును నల్లజాతివారు. వారు ఊరూరు తిరిగి ఎవరితోనైనను ఆడుచుండిరి. పగలు వారి ఆటను చూచి చప్పట్లు కొట్టిన ఊరిలోనే, రాత్రి వారికి బసగాని భోజనముగాని దొరకకపోవుట సామాన్యము. అట్టి రాత్రులలో బస్సే వారికి ఇల్లు. సరియైన నిద్రలేక, వేళకు తిండిలేక, మరునాడు మరియొక ఊరిలో మరల గెలుచుచుండిరి. 1939లో చికాగో నగరమున వృత్తి జట్లకు ప్రపంచ పోటీ పేరుతో ఒక పోటీ జరిగినప్పుడు, తెల్లవారి జట్లను, నల్లవారి జట్లను కలిపి ఆడించిరి. తుది ఆటలో రెనెసాన్స్ జట్టు ఆష్‌కాష్ జట్టును 34–25 పాయింట్లతో ఓడించి విజేతయయ్యెను. అయినను 1946లో వృత్తి జట్లకు క్రొత్త సంఘమొకటి ఏర్పడినప్పుడు అందు ఈ జట్టునకు చోటు దొరకలేదు. 1950 వరకు ఆ సంఘపు ఆటలలో నల్లజాతి ఆటగాడొక్కడును ఆడలేదు. 88 అను అంకె రెండుచోట్ల ఒకటియే. ఆ రెండింటి వెనుకనున్న కష్టములు మాత్రము ఒకటి కావు.

కావున మేటితనమునకు మరియొక కొలబద్ద కావలెను. దానిని ఒక్క మాటలో "చోటిచ్చుట" అని చెప్పవచ్చును. ఆ జట్టులోని ఆటగాడు తన ప్రక్కవానికి చోటిచ్చెనా? ఆ జట్టు వచ్చిన తరువాత, అంతవరకు తలుపు బయట నిలిచియున్నవారికి ఆటలో చోటు దొరికెనా? ఈ రెండు ప్రశ్నలకును "ఔను" అని జవాబు చెప్పగలిగిన జట్టు కేవలము గెలిచిన జట్టుకంటె మెచ్చదగినది.

ఈ కొలబద్దతో చూచినచో, వృత్తి జట్లలో అగ్రస్థానము 1957 మొదలు 1969 వరకునున్న బోస్టన్ సెల్టిక్స్ జట్టునకు చెందవలెను. ఆ జట్టు 13 సీజనులలో 11 పర్యాయములు విజేతయయ్యెను. అందు 1959 మొదలు 1966 వరకు ఎనిమిది విజయములు వరుసగ వచ్చినవే. ఇది సంఖ్యలవారిని కూడ తృప్తిపరచు లెక్క. కాని ఆ లెక్క వెనుక మరియొక లెక్క దాగియున్నది. ఆ 13 సీజనులలో ఒక్కదానియందైనను, దేశములో అందరికంటె ఎక్కువ పాయింట్లు చేసిన ఆటగాడు సెల్టిక్స్ జట్టులో లేడు!

ఆ కాలములో పాయింట్లు చేయుటలో సాటిలేనివాడు విల్ట్ చాంబర్లెయిన్. అతడు ఏడడుగులకు మించిన పొడగరి, మహాబలుడు. 1962 మార్చి 2వ తేదీన అతడు ఒక్కడే ఒక ఆటలో 100 పాయింట్లు చేసెను. ఆ సీజనంతటిలో ఆటకు సగటున 50కి పైగ చేసెను. అట్టి పని అంతకుముందు ఎవరును చేయలేదు, ఆ తరువాతను ఎవరును చేయలేదు. అయినను ఆ సంవత్సరము విజేత అతని జట్టు కాదు. ఏడు ఆటలవరకు సాగిన పోటీలో అతని జట్టును దాటి, చివరకు విజయమును పొందినవారు సెల్టిక్స్. ఒకని నూరు పాయింట్లకంటె ఐదుగురి పొందిక బలమైనదని దీనివలన తెలియుచున్నది.

ఆ పొందికకు మూలస్తంభము బిల్ రసెల్. ఎదుటివాడు బుట్టవైపునకు విసరిన బంతిని గాలిలోనే అడ్డుకొనుటలో అతడు ప్రవీణుడు. అట్లు అడ్డుకొన్నప్పుడు బంతిని ప్రేక్షకులలోనికి కొట్టినచో చూచువారు కేకలు వేసి మెచ్చుకొందురు. కాని బంతి మరల ఎదుటివారికే పోవును. రసెల్ అట్లు చేయక, బంతిని మెల్లగ తన జట్టువారికి అందునట్లు తట్టుచుండెను. పాయింట్లు మరియొకని పేర చేరుచుండెను. శిక్షకుడు రెడ్ ఔర్‌బాక్ మరియొక పద్ధతిని పాటించెను. మంచి ఆటగాళ్లలో ఒకనిని మొదట ఆడింపక బయట కూర్చుండబెట్టి, తక్కినవారు అలసిన సమయమున దింపుచుండెను. మొదట ఫ్రాంక్ రామ్సే, తరువాత జాన్ హావ్లిచెక్ ఆ స్థానమును వహించిరి. మొదటి ఐదుగురిలో తన పేరు లేదని వారు అలుగలేదు. ఆరవవాడుగ నుండుటయే ఒక గౌరవముగ చేసికొనిరి.

1969లో ఈ జట్టునకు వార్ధక్యము వచ్చినదని అందరును అనుకొనిరి. తూర్పు విభాగములో అది నాలుగవ స్థానమున మాత్రమే నిలిచెను. తుది పోటీలో ఎదుట నిలిచిన లాస్ ఏంజెలిస్ లేకర్స్ జట్టులో జెర్రీ వెస్ట్, ఎల్జిన్ బేలర్‌లతోపాటు, అదే చాంబర్లెయిన్‌కూడ ఉండెను. చెరి మూడు ఆటలు గెలిచిన తరువాత ఏడవ ఆట లాస్ ఏంజెలిస్‌లో జరిగెను. గెలుపు తమదేయను ధీమాతో ఆ జట్టు యజమాని, ఆట ముగియగనే క్రిందికి వదలుటకై వేలకొలది బెలూనులను పైకప్పునకు కట్టించియుంచెను. సెల్టిక్స్ 108–106 పాయింట్లతో గెలిచిరి. బెలూనులు పైననే ఉండిపోయెను. గెలువకముందే పండుగ ఏర్పాట్లు చేసికొన్నవారికి అదియొక పాఠము.

జట్టులోపల ఒకరికొకరు చోటిచ్చుకొన్న వీరు, బయటివారికికూడ తలుపు తెరచిరి. 1950లో ఆ జట్టు యజమాని వాల్టర్ బ్రౌన్, చక్ కూపర్ అను నల్లజాతి ఆటగానిని ఎన్నుకొనెను. ఆ సంఘపు జట్లలో ఏదియు అంతకుముందు ఆ పని చేయలేదు. 1964 డిసెంబరు 26వ తేదీన రసెల్, సామ్ జోన్స్, కె. సి. జోన్స్, టామ్ సాండర్స్, విల్లీ నాల్స్ అను ఐదుగురు నల్లజాతివారు కలిసి ఆట ప్రారంభించిరి. అదియును ఆ సంఘములో మొదటిదే. 1966లో ఔర్‌బాక్ తన స్థానమునుండి విరమించి రసెల్‌ను శిక్షకుడుగ చేసెను. ఆ సంఘములోని జట్టునకు నల్లజాతివాడు ప్రధాన శిక్షకుడగుట అదే మొదలు. చివరి రెండు విజయములును అతడు ఆటగాడుగను, శిక్షకుడుగను ఉండి సాధించినవి.

ఇదంతయు సులభముగ జరుగలేదు. 1961లో కెంటకీ రాష్ట్రమందలి లెక్సింగ్టన్ పట్టణమునకు వారు ఒక ఆట ఆడుటకై పోయినప్పుడు, బసచేసిన హోటలులోని ఫలహారశాలలో నల్లజాతి ఆటగాళ్లకు ఆహారము పెట్టుటకు నిరాకరించిరి. "తినుటకు పనికిరానివారము ఆడుటకు మాత్రము ఎట్లు పనికివత్తుము?" అను ప్రశ్న ఆత్మగౌరవము కలవానికి కలుగక మానదు. రసెల్, అతని నల్లజాతి మిత్రులు ఆట ఆడక విమానమెక్కి వెడలిపోయిరి. వారు ఆడిన ఆటలవలెనే ఆడని ఆ ఆటకూడ వారి కీర్తిలో చేరినది.

ఇక కళాశాలల జట్ల మాట. ఇచట సంఖ్యలవారు వెంటనే జాన్ వుడెన్ పేరు చెప్పుదురు. లాస్ ఏంజెలిస్ విశ్వవిద్యాలయపు జట్టునకు శిక్షకుడుగ అతడు 1964 మొదలు 1975 వరకు 12 సంవత్సరములలో 10 పర్యాయములు జాతీయ విజయమును సాధించెను. ఎంత గొప్ప ఆటగాడైనను అతని వద్ద చేరినప్పుడు నేర్చుకొను మొదటి పాఠము, మేజోళ్లను ముడుతలు లేకుండ తొడుగుకొనుట. ముడుత వలన కాలికి బొబ్బ వచ్చును. బొబ్బ వలన ఆట చెడును. చిన్న పనియందు శ్రద్ధలేనివాడు పెద్ద పనిని సాధింపలేడని అతని నమ్మకము.

కాని వుడెన్ జట్లలో మిక్కిలి మెచ్చదగినది ఆ పది విజయములలో ఏదియు కాకపోవచ్చును. 1947లో అతడు ఇండియానా రాష్ట్రములో ఒక చిన్న కళాశాల జట్టునకు శిక్షకుడు. ఆ జట్టునకు కాన్సస్ సిటీలో జరుగు జాతీయ పోటీకి ఆహ్వానము వచ్చెను. అయితే ఆ పోటీలో నల్లజాతివారు ఆడరాదను నియమముండెను. ఆ జట్టులో క్లారెన్స్ వాకర్ అను నల్లజాతి విద్యార్థి యుండెను. అతడు మొదటి ఐదుగురిలోనివాడు కూడ కాడు. అతనిని విడిచి పోయినను జట్టు బలము తగ్గెడిది కాదు. అయినను వుడెన్ ఆహ్వానమును నిరాకరించెను. మరుసటి సంవత్సరము ఆ నియమము తొలగెను. జట్టు పోయి ఆడెను; వాకర్ ఆ పోటీలో ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడయ్యెను. తుది ఆటలో వారు ఓడిపోయిరి. కాని ఒక్క తోడివానికొరకు అందరును ఇంట నిలిచిపోయిన ఆ సంవత్సరము, ఏ బహుమానమునకు తీసిపోవును?

1963లో మరియొక విచిత్రము జరిగెను. మిసిసిపి స్టేట్ విశ్వవిద్యాలయపు జట్టులో అందరును తెల్లవారు. నల్లజాతివారున్న జట్లతో ఆడరాదను కట్టుబాటు ఆ రాష్ట్రములో ఉండుటచేత, వారు 1959, 1961, 1962 సంవత్సరములలో తమ ప్రాంతపు విజేతలై యుండియు జాతీయ పోటీకి పోలేకపోయిరి. 1963లో విశ్వవిద్యాలయాధ్యక్షుడు జట్టును పంపుటకు నిశ్చయించెను. దానిని ఆపుటకు కొందరు న్యాయస్థానమునుండి ఉత్తరువు తెచ్చిరి. ఆ ఉత్తరువు తమ చేతికి అందకముందే అధ్యక్షుడును, శిక్షకుడును రాష్ట్రపు ఎల్లలు దాటిరి. ఆటగాళ్లు మరునాడు విమానమెక్కిరి. వారికి ఎదురుపడినది చికాగో నగరపు లయోలా విశ్వవిద్యాలయపు జట్టు. దాని మొదటి ఐదుగురిలో నలుగురు నల్లజాతివారు. ఆటకు ముందు రెండు జట్ల నాయకులు, జెర్రీ హార్క్‌నెస్, జో డాన్ గోల్డ్, చేతులు కలిపినప్పుడు ఛాయాచిత్రములు తీయువారి వెలుగులు మెరసినవి. లయోలా 61–51 పాయింట్లతో గెలిచి, తరువాత ఆ సంవత్సరపు జాతీయ విజేతయయ్యెను. మిసిసిపి వారు ఓడి ఇల్లు చేరిరి. కాని తమ ఇంటివారి మాటను కాదని ఆడుటకై వచ్చిన ఆ యువకులను ఓడినవారని మాత్రమే అనుట న్యాయము కాదు.

కళాశాల జట్లన్నిటిలో మొదటి పీట వేయవలసినది మాత్రము 1966 నాటి టెక్సస్ వెస్టర్న్ జట్టునకు. ఎల్ పాసో పట్టణమందలి ఆ కళాశాల పేరు అంతకుముందు వినినవారే తక్కువ. 1966 మార్చి 19వ తేదీన మేరీలాండ్ రాష్ట్రములో తుది ఆట జరిగెను. ఎదుట నిలిచినది కెంటకీ విశ్వవిద్యాలయము. దాని శిక్షకుడు అడాల్ఫ్ రప్ అప్పటికే నాలుగు పర్యాయములు జాతీయ విజయమును పొందినవాడు. అతని జట్టులో అందరును తెల్లవారు. టెక్సస్ వెస్టర్న్ శిక్షకుడు డాన్ హాస్కిన్స్ ఐదుగురు నల్లజాతి ఆటగాళ్లతో ఆట ప్రారంభించెను. ఆనాడు అతడు ఆడించిన ఏడుగురును నల్లజాతివారే. ఆట ప్రారంభమైన కొలది సేపటికే బాబీ జో హిల్ అను చిన్నవాడు, ఎదుటివారి చేతిలోని బంతిని వెంటవెంటనే రెండు పర్యాయములు తన్నుకొనిపోయి బుట్టలో వేసెను. కెంటకీ వారు ఆ దెబ్బనుండి తేరుకొనలేకపోయిరి. 72–65 పాయింట్లతో టెక్సస్ వెస్టర్న్ గెలిచెను.

చరిత్రను మార్చవలెనని తాను తలపలేదనియు, తన వద్దనున్నవారిలో మంచి ఆటగాళ్లను ఆడించితిననియు హాస్కిన్స్ తరువాత చెప్పుచుండెను. "ఉద్దేశింపని పనికి కీర్తి ఏల?" అని ఎవరైన అడుగవచ్చును. కాని ఆలోచించినచో ఆ మాటలోనే అతని గొప్పతనమున్నది. మనుష్యుని రంగును చూడక పనితనమును చూచుట అతనికి ఒక త్యాగముగ తోచలేదు, సహజముగ తోచినది. న్యాయము చేయుచున్నానను స్పృహకూడ లేక చేసిన న్యాయము స్వచ్ఛమైనది. దానికి ప్రతిఫలముగ అతనికి దూషణలతో నిండిన ఉత్తరములు కుప్పలుగ వచ్చినవి. ఆనాడు బయట కూర్చుండి తమవారి విజయమును చూచిన తక్కిన ఆటగాళ్లనుకూడ మరువరాదు. జట్టు గెలుపునకై కూర్చుండుటయు ఒక ఆటయే.

ఒక్క ఆటతో లోకము మారెనని చెప్పుట అతిశయోక్తియగును. న్యాయస్థానముల తీర్పులు, క్రొత్త శాసనములు, వీధులలో నడచిన ఉద్యమములు దానికి వెనుకనున్నవి. అయినను ఆనాటి తుది ఆటను చూచినవారికి, నల్లజాతివారు లేకుండనే గెలువవచ్చునను భ్రాంతి తొలగినది. దక్షిణ రాష్ట్రముల విశ్వవిద్యాలయములు ఒక్కొక్కటిగ తలుపులు తెరచినవి. 1970లో కెంటకీ జట్టులోనే నల్లజాతి ఆటగాడు ఆడెను.

చోటు కావలసినవారు నల్లజాతి పురుషులు మాత్రమే కారు. స్త్రీల ఆటకు చిరకాలము ధనము లేదు, ప్రేక్షకులు లేరు. 1972లో స్త్రీల కళాశాల జట్లకు మొదటి జాతీయ పోటీ ఇల్లినాయ్ రాష్ట్రములో జరిగినప్పుడు, పెన్సిల్వేనియా రాష్ట్రమందలి ఇమాక్యులాటా అను చిన్న కళాశాల దానికి పోగోరెను. ప్రయాణపు ఖర్చులకై విద్యార్థినులు పండ్లు తోముకొను కుంచెలను అమ్మిరి. అయినను ఎనమండుగురికి మాత్రమే టిక్కెట్లు దొరికినవి. వారు వెస్ట్ చెస్టర్ జట్టును 52–48 పాయింట్లతో ఓడించి విజేతలైరి. శిక్షకురాలు కాథీ రష్. తరువాతి రెండు సంవత్సరములును వారే గెలిచిరి. 1975లో న్యూయార్క్ నగరమందలి మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో స్త్రీల కళాశాల జట్లు మొదటిసారి ఆడినప్పుడు, అందు ఒకటి ఇమాక్యులాటా. సుమారు 12,000 మంది చూడవచ్చిరి. ఈ ఉత్సాహమును చూచి పెద్ద విశ్వవిద్యాలయములు స్త్రీల జట్లను పోషింప మొదలిడినవి. వాటి ధనబలము ముందు చిన్న కళాశాల నిలువలేకపోయినది. తలుపు తెరచినవారు, లోనికి వచ్చినవారికి దారి ఇచ్చి ప్రక్కకు తొలగిరి. 2014 మొదలు 2017 వరకు కనెక్టికట్ విశ్వవిద్యాలయపు స్త్రీల జట్టు వరుసగ 111 ఆటలు గెలిచి పురుషుల లెక్కలనుకూడ దాటినదన్నచో, ఆ మేడకు పునాదిలో ఇమాక్యులాటా వారి రాళ్లున్నవి.

ఇట్లు చెప్పగా, "ఆటను ఆటగా చూడక ధర్మశాస్త్రముగ చూచుట ఏల?" అని కొందరు ఆక్షేపింపవచ్చును. ఈ ఆక్షేపణలో కొంత నిజము కలదు. టెక్సస్ వెస్టర్న్ వారు ఆనాడు ఓడిపోయియున్నచో వారి మాట ఇంతమంది వినియుండరు. ఆటస్థలములో మంచితనము చాలదు. నేర్పు కావలెను, శ్రమ కావలెను. ఇచట పేర్కొన్న జట్లలో నేర్పులేనిది ఒక్కటియు లేదు. అయితే నేర్పుగల జట్లు నూరు దొరకును. వాటిలో కొన్నిటిని మాత్రమే తరములు గడచినను జనులు ప్రేమతో తలచుకొందురు. గెలుపును మరియొక గెలుపు కప్పివేయును. 72ను 73 దాటును. 88ని 111 దాటును. తోడివానికి ఇచ్చిన చోటును మాత్రము ఎవరును దాటలేరు. ఏలయన, అందు పోటీ లేదు.

2022లో రసెల్ మరణించినప్పుడు, అతడు ధరించిన 6వ సంఖ్యను ఇకముందు ఆ సంఘములోని ఏ జట్టులోను క్రొత్తవానికి ఇయ్యరాదని నిర్ణయించిరి. అట్టి గౌరవము అంతకుముందు ఆ సంఘములో ఎవరికిని జరుగలేదు. పాయింట్లు చేయుటలో ప్రథముడు కానివానికి అట్టి గౌరవము జరుగుట ఆలోచింపదగినది.

పాఠశాల ఆటస్థలములో సాయంకాలము జట్లను ఎన్నుకొనునప్పుడు, అందరికంటె చివర మిగిలిపోవువాడు ఒకడుండును. ఆడవలెనని ఆశ కలిగియు, పిలుపు రాక, గోడ ప్రక్కన నిలిచి చూచు బాలికయు ఒకతె యుండును. అమెరికాలోని మహాజట్ల కథ చదివిన విద్యార్థులు మేటి జట్టును వెదకుటకు అంత దూరము పోనక్కరలేదు. బంతి చేతికి వచ్చినప్పుడు ఒక్క క్షణము తలయెత్తి, అది ఎవరి చేతికి ఇంకను అందలేదో చూచినచో చాలును.